మంగళవారం కాగితం

చదవడం రానన్నాళ్ళూ నాకు కాగితమంటే భయం లేదు. రేషన్ కార్డయినా కరెంటు బిల్లయినా ఎవరో ఒకరు చదివి చెప్పేవారు, నేను వేలిముద్ర వేసేదాన్ని. నన్ను భయపెట్టిన మొదటి కాగితం కాకినాడ ఆసుపత్రిలో ప్రతి మంగళవారం ఇచ్చేది. దాని మీద ఇరవై ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న ఎదురుగా ఐదు గుండ్రాలు. మొదటి గుండ్రంలో సున్నా, చివరిదానిలో నాలుగు. సున్నా అంటే అస్సలు లేదని, నాలుగంటే చాలా ఎక్కువని. పోయిన ఏడు రోజుల్లో నా మనసు ఎలా ఉందో ఆ గుండ్రాల్లో చెప్పాలి. ఆ కాగితాన్ని నా చేత్తో నిజంగా నింపడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

మాది కాకినాడ పక్కన సముద్రపు ఒడ్డు పేట. మా ఆయన బోటు మీద వేటకి వెళ్తాడు. నేను రేవులో వేలం పాటలో చేపలు పాడుకుని, గంపలో ఐసు పరిచి సర్దుకుని, ఆటోలో టౌనుకి వెళ్ళి వీధుల్లో అమ్ముతాను. మాకు ఒక్కతే కూతురు. డిగ్రీ చదివి టౌనులో ఒక జిరాక్సు షాపులో పనిచేసేది.

పేటలో అందరూ నన్ను గయ్యాళి అనేవారు. అది నిజమే కానీ సగం నిజం. ఒక్క సంగతి చెప్తాను. టౌనులో ఒక మేడ ఇల్లు నాకు పదిహేనేళ్ళ వాడుక. ఆ ఇంటి అమ్మగారంటే నాకు ప్రాణం. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చినా, పాత చీర ఇచ్చినా నెల రోజులు దాని గురించే అందరికీ చెప్పేదాన్ని. ఒక ఆదివారం నేను కాస్త ఆలస్యంగా వెళ్ళాను. ఆవిడ గేటు దగ్గర వేరే ఆమె చేత రొయ్యలు తూయించుకుంటోంది. నా గంపలో చందువాలు ఉన్నాయి, ఆ రోజు రేవులో దొరికిన మంచి సరుకు. గంప మొత్తం ఆవిడ గేటు ముందు బోర్లించేశాను. "తినండి! ఊరందరినీ పిలిచి పెట్టండి!" అని అరిచాను. కాకులు దిగాయి, కుక్కలు వచ్చాయి. మధ్యాహ్నానికి ఆ కోపం ఎటు పోయిందో తెలియదు. ఆవిడ ఇక నన్ను పిలవదన్న దిగులు మాత్రం మిగిలింది. మర్నాడు తెల్లారేసరికి మంచి వంజరం ఒకటి పట్టుకెళ్ళి గేటు దగ్గర కూర్చున్నాను. ఆవిడ తలుపు తీయగానే కాళ్ళ మీద పడ్డాను.

ఆవిడ హడలిపోయింది. "చేపలు కొనుక్కునే దగ్గర ఇంత ఏడుపేంటమ్మా!" అంది.

ఇంట్లో ఇంకా ఎక్కువ. కూతురు కాలేజీ నుంచి అరగంట ఆలస్యంగా వస్తే ఇక రాదనే అనుకునేదాన్ని. వచ్చాక దాన్ని తిట్టేదాన్ని. తిట్టినందుకు నన్ను నేను శిక్షించుకునేదాన్ని. గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు, అమ్మవారికి మొక్కించారు. చివరికి నా చేతుల మీద మచ్చలు చూసి మా అమ్మాయే ఒక రోజు బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడి పెద్ద డాక్టరుగారు రెండు మూడు సార్లు మాట్లాడి, బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అన్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన నా గంప చూసి అడిగారు. "ఉప్పునీళ్ళు మామూలు చేతి మీద పడితే ఏమవుతుందమ్మా?"

"ఏమీ కాదండి."

"చేపముల్లు గుచ్చుకున్న చేతి మీద పడితే?"

"ప్రాణం పోతుందండి."

"మీ మనసు ఆ రెండో చెయ్యి. ఇది తగ్గుతుంది, టైం పడుతుంది. మందులకన్నా మాట్లాడి నేర్పేదే దీనికి ఎక్కువ పనిచేస్తుంది" అన్నారు.

అలా మంగళవారాలు మొదలయ్యాయి. ఒక గంట గ్రూపులో, ఒక అరగంట సైకాలజిస్టుతో విడిగా. ఆవిడ చిన్న వయసుది, మా అమ్మాయికన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. లోపలికి వెళ్ళగానే ముందు ఆ కాగితం నింపాలి. మొదటి రోజు ఆవిడే చదివింది.

"ఈ వారం మీ మీద మీకు అసహ్యం వేసిందా అండీ? సున్నా నుంచి నాలుగు దాకా ఎంత చెప్తారు?"

"నాలుగండి."

ఆవిడ తగ్గించి అడుగుతుందని చూశాను. మా పనిలో మొదటి మాట ఎవరూ నిజం చెప్పరు. అమ్మేవాళ్ళు ఎక్కువ చెప్పాలి, కొనేవాళ్ళు తక్కువకి అడగాలి, మధ్యలో ఎక్కడో ఇద్దరూ కలవాలి. మొదటి మాటకే సరే అన్న మనిషిని చూస్తే మాకు అనుమానం వస్తుంది. ఆవిడ "సగానికి రండి" అంటే రెండుకి దిగుదామని సిద్ధంగా కూర్చున్నాను. ఆవిడ అననే లేదు. చక్కగా నాలుగు మీద గుర్తు పెట్టి రెండో ప్రశ్నకి వెళ్ళిపోయింది. సరే, చూద్దామని దానికీ నాలుగే చెప్పాను. ఇరవై ప్రశ్నలకీ నాలుగులు పడ్డాయి. ఆవిడ ముఖం పాలిపోయింది. లేచి డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన వచ్చి, ఈ స్థితిలో ఇంటికి పంపలేం, రెండు రోజులు వార్డులో ఉండాలన్నారు.

బయట కూర్చున్న మా అమ్మాయి కంగారుగా లోపలికి వచ్చింది. "అమ్మా, ఏం చెప్పావే?"

"నాలుగని చెప్పాను."

"అన్నిటికీనా?"

"ఆవిడ తగ్గించమని అడగాలి కదే! నోరు మెదపలేదు మహాతల్లి. చెప్పిన రేటుకే తీసేసుకుంది."

మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. విషయం తెలిసి సైకాలజిస్టూ నవ్వింది. అయినా నన్ను వార్డులో ఉంచడం మానలేదు. సాయంత్రం నా మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఇక్కడ బేరం లేదండీ. షుగరుంటే రక్తం తీసి చూస్తాం. బీపీ అయితే చేతికి పట్టీ కట్టి చూస్తాం. మీ లోపల ఎలా ఉందో చూసే మిషను మా దగ్గర లేదు. మీ మాటే మా మిషను. మీరెంత చెప్తే మేమంతే రాసుకుంటాం."

ఆ మాట చాలా రోజులు నా చెవుల్లో ఉండిపోయింది. నా మాటని ఎప్పుడూ ఎవరో ఒకరు సగం తీసేసి విన్నారు. బాధగా ఉందంటే నటిస్తోందన్నారు. అందుకే నేను ప్రతిదీ రెట్టింపు చేసి చెప్పడం నేర్చుకున్నానేమో. చెప్పింది చెప్పినట్టు రాసుకునే మనిషి నలభై నాలుగేళ్ళకి ఎదురైతే ఏం చెయ్యాలో తోచలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు బాగానే చెప్పాను. అప్పుడు కూడా నవ్వులాటలు జరిగాయి. "లోపల ఖాళీగా అనిపించిందా?" అన్న ప్రశ్నకి నేను హుషారుగా "లేదండి, ఈ వారం రోజూ మిగిలిపోయింది" అన్నాను. మాకు ఖాళీ అంటే గంప ఖాళీ. అది మంచి రోజు. ఆవిడ అర్థం చేసుకుని, ఎవరూ లేనట్టు, ఏదీ పట్టనట్టు ఉంటుందా అని మార్చి అడిగింది. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. అది నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, దాన్ని ఎవరైనా అడుగుతారని తెలియదు.

గ్రూపులో మేము ఆరుగురం. కోపం తలకెక్కినప్పుడు ఏం చెయ్యాలో నేర్పేవారు. అందులో ఒకటి ఐసుముక్కని చేత్తో పట్టుకుని అది కరిగేదాకా దాని మీదే ధ్యాస పెట్టడం. మిగతావాళ్ళు ఐసు కోసం ఫ్రిజ్ వెతుక్కోవాలి. నా గంప నిండా ఐసే. ఎన్నోసార్లు వీధి మధ్యలో గంప దింపి, నోరు జారబోయే ముందు గుప్పెడు ఐసు పట్టుకుని నిలబడ్డాను. కొనేవాళ్ళు నేను చేపలు ఏరుతున్నాననుకునేవారు.

అలా ఉండగా ఆసుపత్రికి జనం పెరిగారు. ఆవిడ ఒక్కతే అందరికీ కాగితం చదివే వీలు లేకపోయింది. ఎవరి కాగితం వాళ్ళే వరండాలో బెంచీ మీద నింపుకోవాలన్నారు. చదవడం రానివాళ్ళకి తోడొచ్చినవాళ్ళు చదివి గుర్తులు పెట్టాలి. నాకు మా అమ్మాయి చదివేది. మంగళవారం పొద్దుట షాపులో సెలవు పెట్టి వచ్చేది. అసలు సమస్య అక్కడ మొదలైంది.

పదకొండో ప్రశ్న, ఈ వారం చచ్చిపోవాలనిపించిందా అని. దాని దగ్గరికి వచ్చేసరికి మా అమ్మాయి గొంతు తగ్గిపోయేది. తల ఎత్తేది కాదు. "చచ్చిపోవాలని... అదేం లేదు కదమ్మా? సున్నాయే కదా?" అనేది. పెన్ను అప్పటికే సున్నా మీద ఉండేది.

"సున్నాయే" అనేదాన్ని.

ఎనిమిదో ప్రశ్న, దగ్గరివాళ్ళు వదిలేసి వెళ్ళిపోతారని భయం వేసిందా అని. అప్పటికి మా అమ్మాయి రాజమండ్రిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు గురించి అడుగుతోంది. రెండేళ్ళు, హాస్టల్లో ఉండాలి. నాలుగంటే అది వెళ్ళదు. సున్నా అంటే రేపే వెళ్ళిపోతుంది. అందుకని ఒకటి అనేదాన్ని. బేరం నన్ను వదల్లేదు.

నెలలు గడిచాయి. ఒక మంగళవారం సైకాలజిస్టు కంప్యూటరు మా వైపు తిప్పి ఒక గీత చూపించింది. మొదట్లో కెరటంలా లేచి ఉంది. తర్వాత కాస్త కాస్త దిగి, చివరికి సముద్రం వెనక్కి తీసినప్పటి పాటు నీళ్ళలా నేలకి ఆనుకుని సాగిపోతోంది.

"చూశారా ఎంత బాగా తగ్గిందో! ఇక మీరు ప్రతి వారం రానక్కర్లేదండి. రెండు నెలలకొకసారి చాలు. గ్రూపులో మీ చోటు ఇంకొకరికి ఇస్తే వాళ్ళకీ ఉపయోగం."

మా అమ్మాయి ముఖం వెలిగిపోయింది. దారిలో ఆటో ఆపించి కాజాలు కొంది. నేను తిన్నాను, బాగున్నాయన్నాను. ఆ ముందు రోజే నేను రేవులో జెట్టీ చివర చాలాసేపు నిలబడి నీళ్ళు చూశాను. ఎందుకు చూశానో ఇక్కడ రాయనక్కర్లేదు. పక్కింటామె "ఐసు కరిగిపోతోంది, రావే" అని పిలిస్తే వచ్చేశాను.

తప్పు ఆసుపత్రివాళ్ళది కాదనుకున్నాను. నేను చెప్పింది వాళ్ళు నమ్మారు. నా అబద్ధానికి తగ్గట్టు నా వైద్యం తగ్గిపోతోంది. ఆ గ్రూపు లేకపోతే నేను మళ్ళీ ఎక్కడికి జారతానో నాకు తెలుసు. మర్నాడు మా అమ్మాయికి చెప్పకుండా ఒక్కదాన్నే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాను. "గ్రూపులో వాళ్ళు అలవాటైపోయారండి, ఇంకొన్నాళ్ళు ఉండనివ్వండి" అని బతిమాలాను. ఆవిడ ఆలోచించి, ఎండాకాలం వేట నిషేధం అయిపోయేదాకా ఉండండి అంది. అసలు సంగతి అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. చెబితే మా అమ్మాయిని పిలిచి అడుగుతుందని భయపడ్డాను.

నిజం చెప్పడానికి నాకు రెండే దారులు కనిపించాయి. కన్నకూతురి ముఖంలోకి చూసి చచ్చిపోవాలనిపించిందని చెప్పడం, లేదా నేనే చదవడం నేర్చుకోవడం. మొదటిది నావల్ల కాదు.

"నాకు అక్షరాలు నేర్పవే" అన్నాను మా అమ్మాయితో.

"ఇప్పుడెందుకే? కలెక్టరవుతావా?"

"బస్సు బోర్డులు చదువుకుంటాను."

అది పలక తెచ్చి అఆలు దిద్దించింది. వారం రోజులైనా రెండో అక్షరం దాటలేదు. కత్తిపీట ముందు పొలుసు గీకే చెయ్యి, బలపం పట్టుకుంటే విరిగిపోయేది. ఎనిమిదో రోజు పలకని గోడకేసి కొట్టాను. మా అమ్మాయి ఏమీ అనకుండా ముక్కలు ఏరింది. అది ఏమీ అనకపోవడమే నన్ను ఇంకా కోసింది.

అంతలో వేట నిషేధం వచ్చింది. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజులని రెండు నెలలు బోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. అన్నీ రేవులో వరసగా కట్టేసి ఉంటాయి. ఒక సాయంత్రం మా ఆయనకి టిఫిన్ ఇవ్వడానికి ఇద్దరం రేవుకి వెళ్ళాం. మా అమ్మాయి ఒక ఆకుపచ్చ బోటు చూపించింది.

"అది ఏ బోటే అమ్మా?"

"గంగమ్మ తల్లి. తెలీదా నీకు?"

"ఎలా తెలిసింది నీకు? చదివావా?"

"రంగు చూస్తే తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నా."

"దాని పక్కన రాసింది కూడా అదే. గంగమ్మ తల్లి. మొదటిది గం. పక్కన గ. చూడు, రెండూ ఒకలాగే లేవూ? ఒకదాని పక్కన సున్నా ఉంది, అంతే."

నేను చూశాను. నిజంగానే రెండూ ఒకలాగే ఉన్నాయి. ఆ బోటు పేరు నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. అది ఇన్నాళ్ళూ అక్కడే, నా కళ్ళ ముందే రాసి ఉంది. ఆ సాయంత్రమే మ, త, ల దొరికిపోయాయి. పక్క బోటు సత్యదేవ, దాని పక్కది వీరభద్ర. పేరు ముందే తెలుసు కాబట్టి అక్షరాలు వాటంతటవే లొంగాయి. రోజూ సాయంత్రం పది బోట్లు చదివేదాన్ని. వలలు కుట్టుకుంటున్న మగవాళ్ళకి తమాషాగా ఉండేది.

"ఏంటమ్మా, అన్ని బోట్లూ ఎగాదిగా చూస్తున్నావ్, కొంటావా ఏంటి?" అన్నాడు ఒకాయన.

"కొంటే నీదే కొంటాను బాబాయ్, ముందు నిన్ను దింపేసి."

మా అమ్మాయి ఆ రోజుల్లో ఎంత గర్వంగా ఉండేదో! షాపులో అందరికీ చెప్పింది. నేను దాన్ని చూసినప్పుడల్లా లోపల ముల్లు గుచ్చుకునేది. ఎవరి నుంచి దాచడానికి నేర్చుకుంటున్నానో వాళ్ళే నేర్పుతున్నారు.

ఖాళీ కాగితం ఒకటి ఆసుపత్రిలో అడిగి తెచ్చుకుని రొంటిన దోపుకుని తిరిగాను. మా అమ్మాయి నోటివెంట విని విని ప్రశ్నలు నాకు దాదాపు కంఠతా వచ్చు. ఏది ఏ వరసలో ఉందో మాత్రం తెలియదు. బోటు పేర్లలాగే వాటినీ ఒక్కొక్కటే పట్టుకున్నాను. అన్నిటికన్నా పైన, ప్రశ్నలు మొదలవకముందు, చిన్న అక్షరాల్లో రెండు లైన్లు ఉన్నాయి. అవి నాకు తెలిసినవి కావు. రెండు రోజులు పట్టింది చదవడానికి. "ఇది మీరు మీకోసం చెప్పే జవాబు. ఇందులో తప్పు జవాబు అంటూ ఏదీ లేదు."

దాన్ని మా అమ్మాయి ఎప్పుడూ చదవలేదు. పై లైన్లు ఎవరూ చదవరు కాబోలు.

నిషేధం అయిపోయి బోట్లు సముద్రంలోకి వెళ్ళిన వారం, మంగళవారం, వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మా అమ్మాయి అలవాటుగా కాగితం, పెన్ను తీసుకుంది.

"ఇలా ఇయ్యి" అన్నాను.

"ఏంటి?"

"నేనే రాస్తాను. నువ్వెళ్ళి టీ కొట్టు దగ్గర కూర్చో."

"అబ్బో! రాయి రాయి. పక్కనే ఉంటాలే, తప్పులొస్తే చెప్తాను."

"వద్దు. తప్పులు రావు. తప్పు జవాబు లేదని పైన రాసుంది."

అది కాగితం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నవ్వు మెల్లగా పోయింది. "నాకు తెలియకుండా రాయాల్సింది ఏముందే నీకు?"

"వెళ్ళవే."

"ఇందుకా అక్షరాలు నేర్చుకుంది? నన్ను బయటికి తోలడానికా?"

"ఔను" అన్నాను.

అది లేచి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు. నా జీవితమంతా నేను తట్టుకోలేనిది ఒక్కటే, నాకు కావలసినవాళ్ళు వీపు చూపించి నడిచిపోవడం. అలాంటప్పుడు పరిగెత్తి జుట్టు పట్టుకున్నదాన్ని, ఆటోకి అడ్డం పడుకున్నదాన్ని. ఈసారి పొమ్మన్నది నేనే. రేవు నుంచి ఐసు నింపి తెచ్చుకున్న నీళ్ళ సీసాని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. వేళ్ళు మొద్దుబారాయి. గుండె దడ కాస్త తగ్గాక పెన్ను తీసుకున్నాను.

మొదటి ప్రశ్నకే పది నిమిషాలు పట్టింది. అక్షరాలు పట్టుకుని చదవాలి, తర్వాత వారం మొత్తం తలుచుకోవాలి, తర్వాత గుండ్రం ఎంచుకోవాలి. నా వెనక వచ్చినవాళ్ళు నింపి ఇచ్చేసి వెళ్తున్నారు. ఆరో ప్రశ్న, కోపంతో వస్తువులు విసిరారా అని. ఆలోచించాను. పలక తర్వాత ఏదీ విసరలేదు. ఎంత వెతికినా ఏదీ గుర్తు రాలేదు. సున్నా పెట్టాను. ఇన్ని నెలలు ఇన్ని సున్నాలు పెట్టించుకున్నాను, నిజంగా చూసుకుని పెట్టిన మొదటి సున్నా అదే. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఎనిమిదో ప్రశ్నకి నాలుగు. దానికి ఆలోచించే పని లేదు. పదకొండో దాని దగ్గర కూడా చెయ్యి నాలుగు మీదికే వెళ్ళింది. ఆగాను. ఒక్కో రోజే లెక్క చూసుకున్నాను. ఆదివారం లేదు, సోమవారం లేదు. మిగతా రోజులు ఉంది. మూడు పెట్టాను.

సైకాలజిస్టు కాగితం చూసి కళ్ళద్దాలు సర్దుకుంది. "ఇది మీరే నింపారా?"

"ఆయ్, నేనేనండి."

"మరి ఇన్నాళ్ళూ ఇచ్చినవి?"

"అవి మా అమ్మాయికి చెప్పిన జవాబులండి. మీకు చెప్పినవి కావు."

ఆవిడ కాగితం మళ్ళీ మొదటి నుంచి చూసింది. తర్వాత తలుపు వేసి, ఆ మూడు గురించి నన్ను నెమ్మదిగా, తిన్నగా అడిగింది. నేను జెట్టీ సంగతి చెప్పాను. బెదిరిపోలేదు, తిట్టలేదు. డాక్టరుగారిని పిలిచింది. మనసు అటు లాగినప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఎవరి ఇంటికి వెళ్ళి కూర్చోవాలో ముగ్గురం కలిసి ఒక కాగితం మీద రాశాం. గ్రూపులో నా చోటు నాకే ఉంచారు. కంప్యూటర్లో గీత ఒక్కసారిగా పైకి లేచింది. అది చూస్తే నాకు సిగ్గేసింది.

"సిగ్గెందుకండి? ఈ సున్నా చూడండి" అని ఆవిడ ఆరో ప్రశ్న చూపించింది. "ఇది మీరు సంపాదించుకున్నది. ఇక నుంచి కాగితం ఎవరు చదివారో, పక్కన ఎవరున్నారో కూడా రాసుకుంటాం. మేము ముందే ఆలోచించాల్సింది."

బయటికి వచ్చేసరికి మా అమ్మాయి టీ కొట్టు దగ్గరే ఉంది. వెళ్ళిపోలేదు. బల్ల మీద రెండు గ్లాసులు, ఒకటి తాగేసింది, ఒకటి చల్లారి తొరక కట్టింది. దాని కళ్ళు వాచి ఉన్నాయి. నేను కూర్చుని ఆ చల్లారిన టీ తాగాను.

"పదకొండోది కదూ?" అంది.

నేను గ్లాసు కింద పెట్టాను.

"నాకు తెలుసే అమ్మా. నువ్వు చెప్తే వినాల్సొస్తుందని నేనే ముందు సున్నా మీద పెన్ను పెట్టేదాన్ని. ప్రతి వారం అలాగే చేశాను. ఎంత పెట్టావ్?"

ఆ మాట దానికి చెప్పలేకే నేను రెండు నెలలు బోట్ల చుట్టూ తిరిగాను. కానీ అప్పటికే కాగితం మీద రాసేశాను కాబట్టి, నోటితో చెప్పడం అంత కష్టం కాలేదు.

"మూడు."

అది చున్నీతో ముఖం తుడుచుకుంది. "బేరం పెట్టి చెప్తున్నావా?"

"లేదే. మూడే."

అప్పుడు అది నవ్వింది, ఏడుపులోనే. టీ కొట్టాయన మమ్మల్ని వింతగా చూశాడు.

ఆ తర్వాత ఏడాది దాటింది. పదకొండో ప్రశ్న మూడు నుంచి రెండుకి, ఒకటికి వచ్చింది, మధ్యలో ఒకసారి మళ్ళీ పైకి పోయింది, మళ్ళీ దిగింది. ఈ మధ్య చాలా వారాలు సున్నా ఉంటోంది. చూసుకునే పెడుతున్నాను. వరండాలో చదవడం రాని ఆడవాళ్ళకి ఇప్పుడు నేను కాగితం చదివి పెడతాను. ప్రశ్న చదివి, గుండ్రాల వరస వాళ్ళ వేలికి చూపించి, పెన్ను వాళ్ళ చేతికిచ్చి, నేను గోడ వైపు తిరిగిపోతాను. వాళ్ళు గుర్తు పెట్టి కాగితం మడిచాకే ఇటు తిరుగుతాను. తోడొచ్చిన అత్తలకీ మొగుళ్ళకీ నా మీద కోపం. "టీ బాగుంటుంది, తాగి రండి" అంటాను.

కిందటి నెల మా అమ్మాయి ఆ కోర్సులో చేరడానికి రాజమండ్రి వెళ్ళింది. బస్సు దాకా సంచి నేనే మోశాను. బస్సు ముందున్న బోర్డు చదివి, ఇదే, ఎక్కు అన్నాను. బస్సు మలుపు తిరిగాక గంపలోంచి గుప్పెడు ఐసు తీసి పట్టుకుని నిలబడ్డాను. అది కరిగి మోచేతి దాకా కారింది. ఇంకో గుప్పెడు తీశాను. తర్వాత గంప నెత్తికెత్తుకుని వీధిలోకి వెళ్ళాను.

ఆ మంగళవారం, దగ్గరివాళ్ళు వదిలేస్తారన్న భయం గురించి అడిగే ఎనిమిదో ప్రశ్నకి నాలుగు పెట్టాను. పై మంగళవారం కూడా నాలుగే. మొన్న మంగళవారం పెన్ను మూడు దగ్గర ఆగింది. ఎవరికోసమైనా తగ్గిస్తున్నానా అని నన్ను నేను అడిగాను. పక్కన ఎవరూ లేరు. వారం మొత్తం మళ్ళీ మొదటి నుంచి తలుచుకున్నాను. శుక్రవారం అది ఫోన్ ఎత్తకపోతే భయం వేసింది. శనివారం ఎత్తకపోతే, క్లాసులో ఉందేమో అనుకుని చేపలు కడగడానికి వెళ్ళిపోయాను.

మూడు పెట్టి ఇచ్చాను.